చెరువులో ఉన్నవి విదేశీ అతిథులు కావు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ఇటీవల చెరువు మీద తెల్లటి పక్షుల గుంపు ఫొటో వేసి, కింద ‘వేల మైళ్లు దాటి వచ్చిన విదేశీ అతిథులు’ అని రాశారు. ఫొటో బాగుంది. ముందు వరసలో ఉన్నదాని నారింజ రంగు ముక్కు, నేలకు ఆనేంత జారిన పొట్ట, తోక కింద కొవ్వు మడత స్పష్టంగా కనబడుతున్నాయి. ఆ పొట్టతో అది వేల మైళ్ల మాట అటుంచి, గట్టు మీది చెట్టు కొమ్మ దాకా కూడా ఎగరలేదు. అవి పెంపుడు గూస్ బాతులు. కొందరు హంసబాతులంటారు. ఎవరో కొని, కొన్నాళ్లు పెంచి, విసుగొచ్చి తెచ్చి వదిలేసినవి కొన్ని. అలా వదిలేసిన వాటికి ఆ నీటి ఒడ్డునే పుట్టిన పిల్లలు మరికొన్ని.

నేను పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా చేతికి ఎక్కువగా వచ్చినవి గేదెలు, మేకలు, కోళ్లే. బాతుల్ని తీరిగ్గా చూసే అవకాశం ఇప్పుడు చిక్కింది. నేను రోజూ నడకకు వెళ్లే చెరువులో ఇలాంటి గుంపే ఒకటుంది. ఫొటో కింది వాక్యం చదివినవాళ్లు వాటిని గురించి తప్పుడు అభిప్రాయానికి వస్తారని, దానివల్ల జరగకూడనివి జరుగుతాయని అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైంది, ఓపిక పట్టండి.

ముందు వీటిని పోల్చుకోవడం ఎలాగో చెబుతాను. ప్రపంచంలోని పెంపుడు గూస్ బాతులన్నీ రెండు అడవి జాతుల నుంచి వచ్చాయి. యూరప్ రకాలకు మూలం గ్రేలాగ్ గూస్. బుడిపె ముక్కు రకాలకు మూలం తూర్పు ఆసియాలోని స్వాన్ గూస్. మా చెరువు గుంపులో రెండూ ఉన్నాయి. పూర్తి తెల్లవాటిలో ఎక్కువ మొదటి రకం. ముక్కు మొదట్లో నల్లటి బుడిపె ఉండి, మెడ వెనక గోధుమరంగు చార దిగినవి రెండో రకం. మగదానికి ఆ బుడిపె పెద్దది. తెల్ల రకాల్లో మాత్రం రూపం చూసి మగ, ఆడ తేల్చడం కష్టం, గొంతు వినాలి. మగదాని అరుపు సన్నగా కీచుగా ఉంటుంది, ఆడదాని అరుపు బొంగురుగా ఉంటుంది.

ఈ రెండు జాతులూ కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. అందుకే మా గుంపులో సగం బుడిపె ఉన్నది ఒకటి, బుడిపె లేకుండా చార మాత్రం ఉన్నది ఒకటి, రెక్క మీద మాసిన మచ్చలున్న తెల్లది ఒకటి కనిపిస్తాయి. అడవి పక్షుల గుంపులో పెద్దవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. గుంపులో దేనికీ దేనితో పోలిక లేదంటే అక్కడ మనిషి చెయ్యి పడిందని అనుమానించవచ్చు. బరువు ఇంకో గుర్తు. అడవి గ్రేలాగ్ మూడు కిలోల చుట్టుపక్కల తూగుతుంది. టూలూస్, ఎంబ్డెన్ వంటి పెంపుడు రకాలు దానికి రెండింతలు, మూడింతలు కూడా పెరుగుతాయి. బుడిపె ముక్కు ఉన్న చైనా రకం తేలిక. ఎదురుగాలి దొరికితే గట్టు మీంచి నీళ్ల మీదికి కాస్త దూరం రెక్కలాడించుకుంటూ వెళ్తుంది. దాన్ని చూసే కాబోలు ‘ఎగురుతున్నాయి కదా, అడవివే’ అని నాతో వాదించేవాళ్లున్నారు.

ఎగరడం వచ్చినంత మాత్రాన వలస పోవడం రాదు. ఇది చాలామందికి తెలియదు. గూస్ జాతి పక్షులు వలస దారిని తల్లిదండ్రుల వెంట ఎగిరి నేర్చుకుంటాయి. తొలి ఏడాది పిల్లలు పెద్దవాటితోనే వెళ్లి, ఆగే చోట్లు చూసుకుని, తిరుగుదారి పట్టుకుంటాయి. కెనడాకు చెందిన బిల్ లిష్‌మన్ 1993లో చిన్న అల్ట్రాలైట్ విమానం నడుపుతూ, తన వెంట ఎగరడానికి అలవాటు చేసిన కెనడా గూస్ పిల్లల్ని వర్జీనియా దాకా తీసుకెళ్లాడు. వాటికి దారి చూపే తల్లి లేదు, ఆ పని ఆయన చేశాడు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఆ ఖండంలోనే ఉంది. అమెరికాలో వేటగాళ్లు అడవి పక్షుల్ని నీళ్ల మీదికి రప్పించడానికి ప్రాణంతో ఉన్న గూస్‌లనే ఎరగా కట్టి ఉంచేవారు. 1935లో ఆ పద్ధతిని నిషేధించారు. పెంపకంలో ఉన్న ఎర పక్షుల్లో చాలావాటిని వదిలేశారు. తరాలుగా కట్టు కింద బతికినవి, ఎక్కడికి పోతాయి? ఉన్నచోటే గుడ్లు పెట్టాయి. ఈనాడు అక్కడి పార్కుల్లో, గోల్ఫ్ మైదానాల్లో ఏడాది పొడుగునా కదలకుండా ఉండే కెనడా గూస్‌ల పూర్వీకుల్లో అవీ ఉన్నాయి. అవి అసలు పెంపుడు జాతి కూడా కాదు, రెక్కలు దిట్టంగా ఉన్న అడవి జాతి. వాటి సంగతే అలా అయితే మన బొజ్జ బాతుల సంగతి చెప్పాలా?

ఈ మచ్చిక నిన్న మొన్నటిది కాదు. చైనాలోని టియన్‌లువోషాన్ అనే తవ్వకాల చోట దొరికిన గూస్ ఎముకలు సుమారు 7000 ఏళ్ల నాటివి. వాటిలో ఇంకా ఎగరలేని పిల్లల ఎముకలున్నాయి. అడవి గూస్‌లు గుడ్లు పెట్టే ప్రాంతం కాదది. అంటే అవి అక్కడే, మనుషుల దగ్గరే పుట్టాయని పరిశోధకులు తేల్చారు. అన్ని వేల ఏళ్లు కొవ్వు కోసం, గుడ్ల కోసం, ఈకల కోసం ఏరి ఏరి పెంచిన ప్రాణిని నీటి ఒడ్డున దించి ‘స్వేచ్ఛ ఇచ్చాం’ అనుకోవడం నాకు మింగుడు పడదు. దించేవాళ్లు చెడ్డవాళ్లని అనను. ఎక్కువమంది జాలితోనే తెస్తారు. కోయడానికి మనసు రాదు, పక్కింటివాళ్లు రాత్రిపూట ఆ అరుపులు భరించలేమంటారు, చెరువు ఉంది, అందులో ఇంకా నాలుగు బాతులున్నాయి, సరే అని వదులుతారు.

వదిలేశాక ఏమవుతుందో వాళ్లు చూడరు. కొత్తగా వచ్చిన పక్షిని పాత గుంపు మొదట్లో దగ్గరికి రానివ్వదు. మెడ చాచి, నేల బారుగా వంచి, బుసకొట్టి తరుముతుంది. అది గుంపుకు కాస్త ఎడంగా ఒడ్డు మీదే తిరుగుతుంది, రాత్రి కూడా ఒడ్డు మీదే పడుకుంటుంది. కుక్కలకు దొరికేది అప్పుడే. పాతవి చీకటి పడగానే నీళ్ల నడుమకు చేరతాయి, ఆ తెలివి దానికి ఒంటబట్టాలి. బరువైన రకాలు, బాగా తెల్లనివి ముందు పోతాయి. చైనా రకం తేలిక పక్షులు, వాటి సంకరాలు మిగులుతాయి. మా చెరువులో ఇప్పుడున్న గుంపు అలా వడపోతలో మిగిలిందే. నాకు గుర్తున్న పెద్ద పొట్ట బాతుల్లో ఒక్కటే ఉంది, అదీ జనం తిరిగే మెట్ల దగ్గరే ఉంటుంది కాబట్టి.

ఇక పిల్లల విషయం. అడవి గ్రేలాగ్ ఒక కాన్పులో సాధారణంగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. పెంపుడు రకాల్ని మనం గుడ్ల కోసం ఏరుకున్నాం, కొన్ని చైనా రకాలు ఏడాదికి 50కి పైగా పెడతాయి. ఎవరూ ఏరకపోతే గూట్లో గుడ్లు పోగుపడ్డాక పెట్ట పొదుగుకు కూర్చుంటుంది. 28 నుంచి 30 రోజులు. మగది పొదగదు, కాపలా కాస్తుంది. ఆ నెల రోజులూ అది మనిషిని, కుక్కను, సైకిల్‌ను దేన్నీ దరి చేరనివ్వదు. చాచిన రెక్క మణికట్టుతో కొట్టిందంటే గట్టిగానే తగులుతుంది. జనం ‘పిచ్చెక్కిన బాతు’ అని రాళ్లేసేది ఈ కాలంలోనే. దానికి పిచ్చీ లేదు, ఏమీ లేదు. పది అడుగుల దూరంలో పొద కింద దాని పెట్ట కూర్చుని ఉంటుంది, అంతే. కళ్లలోకి చూస్తూ, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి నడిస్తే వదిలేస్తుంది. పరుగెత్తితే వెంటపడుతుంది.

పిల్లలు పుట్టిన మర్నాటికే తల్లి వెంట నీళ్లలోకి దిగుతాయి. చూడముచ్చటగా ఉంటాయి, ఒప్పుకుంటాను. నేనూ నడక ఆపి నిలబడి చూస్తాను. కాకులు, గద్దలు, కుక్కలు, పెద్ద చేపలు, తాబేళ్లు పోగా వాటిలో కొన్నే ఈకలు వచ్చేదాకా మిగులుతాయి. ‘మరి సమస్య ఏముంది, ప్రకృతే చూసుకుంటుంది కదా’ అని అడగవచ్చు. మనుషులు మేత వేయకపోతే చూసుకునేదేమో. గూస్ గడ్డి తినే పక్షి. గట్టు మీద గడ్డి ఎన్నింటికి చాలితే అన్నే బతకాలి. మనం సంచుల కొద్దీ బ్రెడ్డు తెచ్చి పోస్తుంటే ఆ లెక్క తప్పుతుంది. పైగా ఇవి ఆయుష్షు గట్టి పక్షులు, దెబ్బ తగలకపోతే ఇరవై ఏళ్లు బతికేవి ఉన్నాయి. ఏటా రెండు మూడు పిల్లలు దక్కినా పదేళ్లకు చెరువు నిండుతుంది.

బ్రెడ్డు గురించి డాక్టరుగా ఒక మాట. మా గుంపులో ఒకదానికి ఎడమ రెక్క చివర పక్కకు తిరిగి, ఈకలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. చూసినవాళ్లు ఎవరో విరగ్గొట్టారని తిట్టుకుంటారు. దీన్ని ఏంజెల్ వింగ్ అంటారు. పిల్ల పెరిగే వయసులో పిండి పదార్థం, శక్తి మరీ ఎక్కువగా అందితే రెక్క ఈకలు త్వరగా బరువెక్కుతాయి. మణికట్టు కీలు ఆ బరువును మోయలేక బయటికి మెలి తిరుగుతుంది. వారాల వయసులో ఉండగా గమనిస్తే రెక్కను సహజంగా మడిచి, మెత్తగా కట్టుకట్టి కొన్ని రోజులు ఉంచితే సర్దుకుంటుంది. పెద్దయ్యాక ఏ కట్టూ పనిచేయదు. వంశపారంపర్యం కూడా కొంత ఉండవచ్చు, కానీ మేత మార్చుకోవడం మన చేతిలో ఉంది. పిల్లవాడి చేతికి బ్రెడ్డు ముక్క ఇచ్చి బాతుకు వేయించి ఫొటో తీసుకునే తండ్రికి ఈ సంగతి చెబితే, ‘ఒక్క ముక్కతో ఏమవుతుందండీ’ అంటాడు. ఆయనకు ఒక్క ముక్కే. బాతుకు ఆ ఉదయం అది ఎన్నో ముక్కో?

తినని బ్రెడ్డు నీళ్లలో కుళ్లుతుంది. దానికి తోడు రెట్టలు. గడ్డి తినే పక్షికి అరుగుదల తక్కువ, తిన్నది త్వరత్వరగా బయటికి వచ్చేస్తుంది. ఆ రెట్టలోని నత్రజని, భాస్వరం నీళ్లలో చేరితే నాచు పెరుగుతుంది, నాచు కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపలు తేలతాయి. చెరువు ఆకుపచ్చగా మారడానికి బాతులే కారణమని నేననను. చాలాచోట్ల మురుగునీటి వాటా ఇంతకంటే ఎక్కువ. చిన్న, పారుదల లేని నీటిలో మాత్రం పెద్ద గుంపు తేడా చూపిస్తుంది. ఎండలు ముదిరి నీళ్లు వెచ్చబడ్డాక, కుళ్లు పేరుకున్న చోట బొటులిజం రావచ్చు. క్లాస్ట్రీడియం బొటులినమ్ అనే సూక్ష్మజీవి విడిచే విషం అది. పక్షి మెడ నిలపలేదు, తల నీళ్లలోకి వాలిపోయి మునిగి చస్తుంది. చచ్చిన దాని మీద పట్టిన పురుగుల్లో విషం ఉంటుంది, వాటిని తిన్న పక్షీ అదే దారి పడుతుంది. అందుకే చచ్చిన పక్షిని వెంటనే తీసేయాలి. చేత్తో తాకకుండా, గ్లౌజులు వేసుకుని.

బర్డ్‌ఫ్లూ పేరు చెప్పి భయపెట్టడం నాకు ఇష్టం లేదు, కానీ దాచడం కూడా సరికాదు. ఈనాడు ప్రపంచమంతా తిరుగుతున్న హెచ్5ఎన్1 వంశానికి మూల వైరస్‌ను 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెంపుడు గూస్‌లోనే గుర్తించారు. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సులో అది వలస పక్షుల్ని వేల సంఖ్యలో చంపింది. వాటిలో ఎక్కువ, హిమాలయాల మీదుగా ఎగిరే పట్టెతల గూస్‌లు. పెంపుడు పక్షి నుంచి అడవి పక్షికి, అడవి పక్షి నుంచి పెంపుడు పక్షికి జబ్బు దాటడానికి ఒకే నీరు చాలు. వదిలేసిన బాతులు ఉన్నచోటే ఏడాదంతా ఉంటాయి. చలికాలం నిజమైన వలస పక్షులు దిగేదీ ఆ నీళ్లలోకే. అప్పుడు ఈ రెండూ పక్కపక్కనే మేస్తాయి.

సంకరం గొడవ కూడా అక్కడే మొదలవుతుంది. యూరప్‌లో అడవి గ్రేలాగ్‌లలో పెంపుడు రకాల జన్యువులు చేరాయని పరిశోధనల్లో బయటపడింది. స్వాన్ గూస్ పరిస్థితి మరీ వింత. దాని పెంపుడు సంతానం ఎన్నో దేశాల చెరువుల్లో వదిలేసినా బతికేస్తోంది, అడవిలో ఆ జాతి మాత్రం అంతరించే ముప్పున్న వాటి జాబితాలో ఉంది.

ఇంతకీ ఏం చేయాలి? టపాసులు కాల్చి తరిమితే పోయే చోటు లేక అవతలి ఒడ్డుకు వెళ్లి, సాయంత్రానికి తిరిగొస్తాయి. విషం పెట్టే మాట ఎవరైనా ఎత్తితే దయచేసి అక్కడే ఆపేయండి, ఆ విషం బాతుల్ని మాత్రమే ఏరుకుని చంపదు. గుడ్లు ఎత్తుకుపోవడం కూడా నేరుగా పనిచేయదు. గూడు ఖాళీ అయితే పెట్ట మళ్లీ పెడుతుంది. పనికొచ్చే పద్ధతి గుడ్లను గూట్లోనే ఉంచి, పెంకు మీద మొక్కజొన్న నూనె పూయడం. పెంకులోని సన్నటి రంధ్రాలు మూసుకుపోయి లోపల ఎదుగుదల ఆగుతుంది. పెట్ట పొదుగుతూనే ఉంటుంది, కాలం దాటిపోయాక లేచిపోతుంది.

దీన్ని పొదుగు మొదలైన తొలి రెండు వారాల్లోనే చేయాలి. ముందు గుడ్డును నీళ్లలో వేసి చూడాలి. మునిగితే సరే. తేలిందంటే లోపల పిల్ల చాలా దూరం ఎదిగిందని అర్థం, దాన్ని తుడిచి గూట్లో పెట్టేయాలి. నేను గూడు దగ్గరికి వెళ్లే పక్షంలో తోడుకు ఒకరిని పెద్ద గొడుగుతో మగదాని ముందు నిలబెడతాను. తెరిచిన గొడుగును అది గౌరవిస్తుంది. ఇంకో జాగ్రత్త, అది పెంపుడు బాతు గూడేనని తేల్చుకోకుండా ముట్టుకోకూడదు. అడవి పక్షుల గుడ్ల మీద చెయ్యి వేయడం చాలా దేశాల్లో చట్టప్రకారం నేరం. అందుకే ఈ పనిని ఉత్సాహం ఉన్న కుర్రాళ్లకు వదిలేయకుండా, నీటి నిర్వహణ చూసే సంస్థ పశువైద్యుడి సలహాతో చేయించాలి.

పెద్ద పక్షుల్ని తరలించాలంటే ఏడాదిలో దానికొక అదును ఉంది. గూస్‌లు పిల్లల కాలం అయ్యాక రెక్కల్లోని పెద్ద ఈకలన్నీ ఒకేసారి రాల్చుకుంటాయి. కొత్తవి వచ్చేదాకా నాలుగైదు వారాలు తేలిక రకాలు కూడా ఎగరలేవు. అప్పుడు పడవతో మెల్లగా ఒడ్డుకు తోలి, వలతో దడిలా చేసిన దారిలోకి నడిపిస్తే ఒక్క ఈక విరగకుండా పట్టవచ్చు. మెడ పట్టుకుని ఎత్తేవాళ్లను చూస్తుంటాను. అలా కాదు, రెక్కల్ని ఒంటికి ఆనించి, పక్షిని చంకలో తల వెనక్కి ఉండేలా పట్టుకోవాలి. జంటల్ని విడదీయవద్దు. విడిపోయిన గూస్ చాలాకాలం తిండి సరిగా తినదు, అరుస్తూ తిరుగుతుంది. గడ్డి, కంచె, నీటితొట్టి ఉన్నవాళ్లు తీసుకుంటే ఇంతకంటే మేలైన చోటు వాటికి దొరకదు. తోటల్లో కలుపు గడ్డి మేస్తాయి, కొత్త మనిషి వస్తే ఊరు లేచేలా అరుస్తాయి.

కొనేవాళ్లు కూడా పిల్లను చూసి మురిసిపోయే ముందు దాని వయసు లెక్క వేసుకోవాలి. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల ముందు చూసిన కదిలే ప్రాణిని తల్లి అనుకుంటుంది. గ్రేలాగ్ పిల్లల మీద ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ చేసిన పరిశీలనలతో ఈ విషయం లోకానికి బాగా తెలిసింది, ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. మీ వెనకే ఇల్లంతా తిరిగే ఆ పసుపు పిల్ల రెండేళ్లకు మీ అతిథుల్ని గేటు దాటనివ్వని మగ బాతు అవుతుంది. అలా అయినరోజు దాన్ని సంచిలో పెట్టి చెరువు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లే ఎక్కువ. మనిషిని తల్లి అనుకున్న పక్షి గుంపులో చేరడానికి మిగతా వాటికంటే ఎక్కువ అవస్థ పడుతుంది.

మీ పత్రికకు నా మనవి రెండు విషయాల్లో. ఒకటి, ఆ ఫొటోకు సవరణ వేయండి, చిన్నదైనా సరే. మీ వాక్యం చదివి ఆ చెరువు దగ్గర ‘విదేశీ అతిథుల’కు బ్రెడ్డు వేసేవాళ్లు పెరుగుతారు, ‘అక్కడ చాలా ఉన్నాయట’ అని తమ బాతును తెచ్చి వదిలేవాళ్లూ పెరుగుతారు. రెండు, వలస పక్షుల కాలంలో ఫొటోలు వేసేటప్పుడు పక్షుల్ని గుర్తుపట్టగలిగిన వారికి ఒకసారి చూపించండి. ముక్కు, పొట్ట కనబడేలా ఉన్న ఫొటో అయితే రెండు నిమిషాల పని. పాఠకుల్లో ఎవరికైనా కంచె ఉన్న స్థలం ఉండి, బాతుల్ని తీసుకోగల ఓపిక ఉంటే, ఆ విషయం కూడా సవరణ పక్కనే ఒక వాక్యం వేయగలిగితే మంచిది. ఈకలు రాల్చే కాలం దాటితే వాటిని పట్టడానికి మళ్లీ ఏడాది ఆగాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు